పేరు పెట్టి పిలువు

బడివాళ్లతో త్రుహియో పట్నంలో మ్యూజియం చూసొచ్చిన దగ్గర్నుంచి నెలిదా మంచం దిగలేదు. తినదు, ఏడవదు, పిలిస్తే పలకదు. ఏడేళ్ల పిల్ల, కళ్లు తెరుచుకుని గోడకేసి చూస్తూ పడుంటుంది. డాక్టరేమో ఒంట్లో ఏ లోపమూ లేదన్నాడు. తల్లి ఎర్మెలిందాకు మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు, మనసు మొద్దుబారిపోయింది.

"జడుసుకుందే. దాని ప్రాణం అక్కడే ఉండిపోయింది," అంది అత్తగారు యూదోసియా. "దాని స్వెట్టరు పట్టుకెళ్లి, భయపడ్డ చోట నిలబడి పిలుచుకురా. వెనక్కి తిరిగి చూడకు. పేరు పెట్టి పిలువు, తెలిసిందా? ఊరికే రా రా అంటే వీధికుక్కలన్నీ వస్తాయి."

మధ్యాహ్నం మ్యూజియంలో జనం లేరు. కూజాల గది చల్లగా ఉంది, తడిమట్టి వాసన వేస్తోంది. గాజు బీరువాల నిండా మట్టి ముఖాలు, ఎప్పటివో సమాధుల్లోంచి తీసినవి. గుడ్డివాడు, ముసలాడు, నవ్వే మనిషి. చివర్న పిల్ల ముఖమున్న ఈలకూజా. నీళ్లు పోసి వంచితే కూస్తుందట. నెలిదా దాని ముందే కొయ్యబారిపోయిందని టీచరు చెప్పింది.

ఎర్మెలిందా స్వెట్టరు చాపి పట్టుకుంది. నోరు తెరవబోతుంటే కాపలాదారు నవ్వాడు.

"ఏంటక్కా, కూజాకి చలేస్తోందా?"

ఆమెకు సిగ్గేసింది. తల దించుకుని గొణిగింది.

"రా తల్లీ... ఇంటికి పోదాం. ఇక్కడుండకు."

సన్నగా ఈల వినిపించింది.

కూజాలో చుక్క నీళ్లు లేవు...

స్వెట్టరు గుండెకు హత్తుకుని బయటికి నడిచింది. వెనక... వట్టికాళ్ల చప్పుడు. చిన్న అడుగులు. ఆమె తిరగలేదు. భయం కూడా వేయలేదు, పిల్ల వస్తోంది కదా, అదే చాలనుకుంది. వ్యానులో కండక్టరు, "పాపను ఒళ్లో కూర్చోబెట్టుకో అక్కా," అన్నాడు.

ఇంటికొచ్చి స్వెట్టరు తొడగ్గానే నెలిదా లేచి కూర్చుంది.

"ఆకలి," అంది.

యూదోసియా శిలువ గుర్తు వేసుకుని కోడిపులుసు వడ్డించింది. "పేరు పెట్టే పిలిచావుగా?"

పిల్ల ఆవురావురుమని తింటోంది. "ఆఁ," అంది ఎర్మెలిందా.

పిల్ల గ్లాసెత్తి నీళ్లు తాగింది. గొంతు దిగుతుంటే... ఈల. సన్నగా.

యూదోసియా చేతిలో గరిటె ఆగిపోయింది.

అప్పుడే ఎవరో వీధి తలుపు తట్టారు.

"అమ్మా... నేను, నెలిదాని. నీ వెనకే పరిగెత్తుకొచ్చా. నువ్వు ఆగలేదు..."

ఎర్మెలిందా లేవబోయింది. మంచం మీది పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లగా, తడిమట్టి తగిలినట్టుంది.

"నన్నే పిలిచావుగా అమ్మా," అంది.

ఎర్మెలిందా మళ్లీ కూర్చుండిపోయింది. బయట తట్టడం ఆగలేదు. పొద్దుగూకే కొద్దీ ఆ చప్పుడు తలుపు మీద ఇంకా కిందకి... ఇంకా కిందకి దిగుతోంది. ఇప్పుడు గడప దగ్గర్నుంచి వినిపిస్తోంది.