రెండో ప్యాచ్

సాయంత్రం ఐదున్నర. వంటింట్లో పాలు కాస్తున్నాను. హాల్లో మా పాప బుజ్జిది సోఫా మీద బొమ్మలకి రంగులేస్తోంది. నిద్రొస్తోందని మధ్యాహ్నం నుంచీ ఒకటే నస. పక్కనే చక్రాల కుర్చీలో అత్తగారు.

పొద్దు వాలితే చాలు, ఆవిడ అరుపులు మొదలవుతాయి. మా అమ్మకి డ్యూటీ టైమైంది అని మా ఆయన నవ్వేవారు. మతిమరుపు జబ్బుతో వచ్చిన మొండితనం అనుకుని నిద్రమాత్రలు వేసేవాళ్ళం. ఆ మత్తులో ఒకసారి పడిపోయారు. అప్పుడు చెప్పింది డాక్టరమ్మ, అది మొండితనం కాదు, మోకాళ్ళ నొప్పి అని. చెప్పుకోడానికి మాట దొరక్క అరుస్తున్నారట. అప్పటినుంచి మూడు రోజులకోసారి ఆవిడ వీపుకి నొప్పి తగ్గించే మత్తుమందు ప్యాచ్ అతికిస్తున్నాను. పిల్లల ఒంటికి అంటుకుంటే ఊపిరి ఆగిపోతుందన్నారు. అందుకే ప్యాచ్‌ల పెట్టెకి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకున్నాను.

ఆ రోజు అరుపు లేదు.

ముందు ప్రాణానికి హాయిగా అనిపించింది. ఇంతలో పెన్సిల్ నేల మీద పడి దొర్లిన చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు... పొయ్యి కట్టేసి హాల్లోకి వచ్చాను.

బుజ్జిది పుస్తకం మీద బోర్లా పడుకుని ఉంది. పిలిచాను. కదల్లేదు. ఊపిరి... ఎంతసేపటికో ఒకటి. జ్వరమేమోనని గౌను లోపల చెయ్యి పెట్టి వీపు తడిమాను.

నున్నగా, నలుచదరంగా ఏదో తగిలింది.

పీకేశాను. ఆ చోటు నీళ్ళతో కడిగాను. అంబులెన్సుకి ఫోన్ చేశాను. లైన్లో నర్సు, బండి బయల్దేరింది, పిల్లని కుదుపుతూ ఉండండి అంది. పెద్దావిడ ప్యాచ్ ఊడిందేమో చూడమంది.

ఊడలేదు. ఎక్కడ అతికించానో అక్కడే ఉంది. పెట్టె తెరిచాను. లెక్క సరిగ్గా ఉంది, ఒక్కటీ తగ్గలేదు.

అత్తగారు నన్నే చూస్తున్నారు. ఏడాదిగా నన్ను గుర్తుపట్టని ఆ కళ్ళు తేటగా ఉన్నాయి. భుజాలు పట్టేసి చేతులు పైకి లేవని మనిషి.

"దీనికెవరు పెట్టారత్తయ్యా?"

"నువ్వేగా తల్లీ," అన్నారు గుసగుసగా. "పెడుతూ ఎందుకే అంత ఏడ్చావు?"

బుజ్జిది దగ్గింది. కళ్ళు తెరిచింది. గుండెకి హత్తుకున్నాను.

"మేడమ్, లైన్లో ఉన్నారా?" నర్సు గొంతు. "ప్యాచ్ ఎప్పుడు పెట్టారో తెలియాలి. దాని మీద తారీఖు రాసి ఉంటే చూసి చెప్పండి."

అతికించే రోజు తారీఖు నేనే పెన్నుతో రాస్తాను. నేల మీంచి ప్యాచ్ తీసి వెలుతురులో పెట్టి చూశాను.

రాత నాదే. ఏడంకెకి అడ్డగీత కూడా నాదే.

తారీఖు రేపటిది...