బ్యానర్లకిచ్చిన గది

కోర్టు ఆవరణలో జరుగుతున్న బాధితుల హక్కుల వారోత్సవానికి జనం బాగానే వచ్చారు. వాళ్లలో బాధితురాలు మాత్రం ఒక్కతే. ఆమె వచ్చింది కూడా సాక్ష్యం చెప్పడానికి.

ఆమె కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. ఆరు నెలల క్రితం దొంగ ఒకడు గల్లాపెట్టె ఊడ్చుకుపోతూ తోసేస్తే మణికట్టు విరిగింది. కేసు మూడుసార్లు వాయిదా పడింది. ఆ సంగతి ముందుగా ఆమెకు చెప్పిన పాపాన పోయినవాడు లేడు.

ఇవాళ కోర్టు వరండాలో ఉన్నది ఒకటే బెంచి. బెయిలు మీద తిరుగుతున్న ఆ దొంగ దాని మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆమె నిలబడే ఉంది.

"మేడమ్, మీ హక్కులు తెలుసుకోండి!" బాధితుల సహాయ కేంద్రంలో పనిచేసే కుర్రాడు కరపత్రం అందించాడు.

ఆమె చదివింది. "బాగా రాశారే. ఎవరు?"

"నేనే," మురిసిపోయాడు.

"నిందితుడికి దూరంగా వేరే గదిలో కూర్చోవచ్చట. ఏదీ ఆ గది?"

"వరండా చివర."

"తాళం వేసుంది. కిటికీలోంచి ఒకసారి చూసి రండి."

చూశాడు. నేల నుంచి కప్పు దాకా బ్యానర్లు. అన్నింటి మీదా ఒకటే మాట: 'బాధితులకు అండగా మేము'.

"పాపం, వాటికి ఎండా వానా తగలకూడదుగా," అంది ఆమె.

అతని చెవులు ఎర్రబడ్డాయి. తాళంచెవి తెచ్చి, బ్యానర్లన్నీ వరండాలో పడేయడం మొదలుపెట్టాడు. అతని ఆఫీసరు వేదిక దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమిటయ్యా ఇది? ముఖ్య అతిథి వచ్చే వేళకి!"

"ఈవిడ కూర్చోవాలి సార్."

"పది నిమిషాలు బెంచీ మీద కూర్చుంటే అరిగిపోతుందా?"

"అయితే మీరు కూర్చోండి సార్, వాడి పక్కన."

ఆఫీసరు దొంగను చూశాడు. ఫోనేదో వచ్చినట్టు జేబు తడుముకుంటూ వెళ్లిపోయాడు.

గది ఖాళీ అయ్యాక ఆమె లోపల కూర్చుంది. కుర్రాడు మంచినీళ్లిచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. పిలుపు వచ్చింది. ఆమె తడబడకుండా చెప్పింది.

బయటికొచ్చి, "కాఫీ తాగుదామా?" అంది.

"కేసు తేలేదాకా సాక్షులతో కాఫీలు తాగకూడదండీ. రూలు."

"ఇదొక్కటి మాత్రం భలే పాటిస్తారే మీ వాళ్లు!" విసురుగా అంది గానీ, బస్సులో ఇంటిదాకా నవ్వుతూనే ఉంది.

రెండు నెలల తర్వాత తీర్పు వచ్చిన గంటలోనే ఫోన్ చేశాడు. చెప్పాల్సింది చెప్పాక గొంతు సవరించుకున్నాడు.

"మీ ఫైలు మూసేశాను. ఇప్పుడు చేస్తున్నది ఆఫీసు ఫోన్ కాదు... నాకు మీరంటే ఇష్టం."

ఆమె ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది. పక్కనుంచి తల్లి ఆరా తీసింది.

"ఎవరే?"

"కోర్టు అబ్బాయి. ఆ దొంగకి మూడేళ్లు పడ్డాయట."

"మరి నీ మొహం అలా వెలిగిపోతోందేం?"

"నాకు యావజ్జీవం పడేట్టుందమ్మా."

తల్లి ఫోన్ లాక్కుంది. "బాబూ, ఆదివారం ఇంటికి రా. నీ వాదన కూడా వినాలి."