లోపలి జేబు

"అమ్మని నీ చేతుల్లో పెట్టి తప్పు చేశాం వదినా!" అంటూ ఆడపడుచు రక్తపరీక్ష కాగితాన్ని వంటగది గట్టు మీద విసిరికొట్టింది. అత్తగారికి చక్కెర మళ్లీ పెరిగింది. మతిమరుపు జబ్బుకు మధుమేహం కూడా తోడైతే మనిషి దక్కడం కష్టమని డాక్టరు ముందే హెచ్చరించారు. "అడిగిందల్లా పెట్టి ఊరుకోబెడితే నీకు చాకిరీ తప్పుతుందనుకున్నావా? రేపే అమ్మని మా ఇంటికి తీసుకుపోతాను," అన్నది.

కోడలు ఆ కాగితాన్ని తీసి మడతపెట్టింది. చక్కెర డబ్బాను బట్టల బీరువాలో పెట్టి తాళం వేసిన మనిషి ఇంకేమని చెప్పుకుంటుంది? ఊహ తెలియకముందే కన్నతల్లి పోయింది. అమ్మ అనుకోవడానికి ఈ జన్మలో దొరికింది ఈ అత్తగారే... ఆవిడను తీసుకుపోతారన్న మాటకు గుండె చెరువైంది. ఉబికి వస్తున్న కన్నీళ్లు ఎవరి కంటా పడకుండా, విడిచిన బట్టలు ఎత్తుకుని పెరట్లోకి నడిచింది.

అక్కడ మామగారి చొక్కా మీద చీమలు బారులు తీరి కనిపించాయి.

అత్తగారు ఒకప్పుడు పేరున్న దర్జీ. మామగారు బస్సు డ్రైవరు. పెళ్లయిన కొత్తలో ఆయన డ్యూటీ దిగి వస్తూ పెద్దవాళ్ల కంటబడకుండా భార్యకు చాక్లెట్లు తెచ్చేవారట. ఆ దొంగతనానికి సాయంగా ఆవిడ ఆయన ప్రతి చొక్కాకూ లోపలివైపు ఒక చిన్న జేబు కుట్టేవారు. ఇప్పుడు ఆ జేబు చేతికి జిగటగా తగిలింది.

కోడలు చొక్కా పట్టుకుని మామగారి గదిలోకి వెళ్లింది. "నేనెవరికీ చెప్పను మామయ్యా. ఇక మానేయండి చాలు," అన్నది మెల్లగా.

ఆయన లేచి నిలబడ్డారు. "నిన్ను దొంగని చేసి నేను దొరలా తిరగనా తల్లీ?" అని కూతుర్ని కేకేసి పిలిచారు. "మీ వదినని ఏమీ అనకు. మీ అమ్మకి చాక్లెట్లు పెట్టింది నేను."

"నాన్నా! మీరా?"

"మెదడుకి చక్కెర అందడం లేదని డాక్టరే అన్నాడుగా. బండి ఆగిపోతే డీజిల్ పొయ్యమా? ఒకరోజు చాక్లెట్ పెడితే నా వంక చూసి 'ఏమండీ' అంది... ఎన్నాళ్లకో అంది. మళ్లీ ఆ పిలుపు వింటానేమోనని..."

కోడలు ఆయన పక్కనే కూర్చుంది. "ట్యాంకు నిండుగానే ఉంది మామయ్యా. ఇంజనే దాన్ని వాడుకోలేకపోతోంది. డాక్టరు చెప్పింది అదే. పైనుంచి మనమెంత పోసినా మెదడుకి ఉపయోగం లేదు, ఒళ్లు పాడవుతుంది."

ఆయన చొక్కా అందుకుని లోపలి జేబును తిరగేశారు. "అయితే ఆ జేబు మూసి కుట్టెయ్యి తల్లీ. అది ఉంటే నా చెయ్యి ఆగదు."

చొక్కా ఉతికి ఆరాక కోడలు సూదీ దారం తీసుకుని అత్తగారి కుట్టుమిషను దగ్గర కూర్చుంది. రెండు కుట్లు పడ్డాయో లేదో, అత్తగారు చటుక్కున చొక్కా లాక్కున్నారు.

"ఎందుకు మూస్తున్నావమ్మాయ్? ఇది మా ఆయన చొక్కా. జేబు లేకపోతే ఆయన దేంట్లో తెస్తారు?"

మామగారు ఎదురుగానే ఉన్నారు. ఆవిడ ఆయనను గుర్తుపట్టలేదు. "ఏం తెస్తారమ్మా?" అని ఆయనే అడిగారు.

"ఏదో ఒకటి తెస్తారు లెండి. ఆయన ఉత్త చేతుల్తో రారు," అంటూ ఆవిడ ఆ రెండు కుట్లూ గోటితో నేర్పుగా విప్పేశారు.

గుమ్మంలో నిలబడిన ఆడపడుచు కళ్లు తుడుచుకుంది. వదిన భుజం మీద చెయ్యి వేసి, "అమ్మ నీ దగ్గరే ఉండనీ వదినా. నోరు జారాను," అన్నది. కోడలు ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

మర్నాడు మామగారు ఆ చొక్కాయే తొడుక్కుని బజారుకు వెళ్లొచ్చి భార్య ముందు కూర్చున్నారు. ఆవిడ చెయ్యి అలవాటుగా లోపలి జేబులోకి వెళ్లింది. చాక్లెట్ బదులు నీలం దారపు రీలు వచ్చింది. ఆవిడ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"నీలం అయిపోయిందని మీకెవరు చెప్పారండీ?"

ఆవిడ ఆయన జవాబు కోసం ఆగలేదు. సూదిలోకి దారం ఎక్కించి ఇమ్మని రీలు ఆయన చేతికే ఇచ్చారు.