అట్టముక్కల విశాఖపట్నం

డిసెంబరు సగం దాటితే రాయ్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు కిరస్తానీల ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. లోపల ఓ మూల గడ్డి పరిచి, యేసు పుట్టిన పశువుల పాక కట్టి, మట్టిబొమ్మలు పెడతారు. గూడ్సు గార్డు దేవదాసు ఇంట్లో మాత్రం పాక చుట్టూ ఏకంగా ఓ ఊరే లేచేది. ఆ ఊరు విశాఖపట్నం.

ఏడాదంతా అది అటకమీద ట్రంకుపెట్టెలో పడుకుని ఉండేది. దేవదాసు మొదటి భార్య ఎస్తేరు చేసిన ఊరు. ఆవిడ నర్సు. ఆసుపత్రి నుంచి మందుల అట్టపెట్టెలు తెచ్చి, కత్తిరించి, ఉడికించిన మైదాతో అతికించి, రాతిగోడల టౌన్ హాలు చేసింది. కురుపాం మార్కెట్టు కమాను చేసింది. చీపురుపుల్లలతో ఓడరేవు క్రేన్లు నిలబెట్టింది. మూడు కొండలు, వాటి మీద చర్చి, దర్గా, వెంకన్న గుడి. దూదిచుట్ట లోపలి అట్టగొట్టానికి రంగు పూసి లైటుహౌసు చేసి, దాని నెత్తిన టార్చిలైటు బల్బు గుచ్చింది. సిగరెట్టు పెట్టెల వెండికాగితం సముద్రం. అంతా చేసి, ఆవిడ కాన్పులో పోయింది.

ఊరు పోలేదు.

రెండో భార్య సుశీల రాయ్‌పూర్‌లోనే పుట్టి పెరిగింది. తండ్రి లోకోషెడ్డు మనిషి. సముద్రం ఎలా ఉంటుందో ఆమెకు తెలీదు. పాసు రాయించి ఒక్కసారి తీసుకెళ్లమని ప్రతి ఏడూ అడిగేది. "వచ్చే ఏడు చూద్దాంలే. ఆ ఊరు చూస్తే నాకు దుఃఖమొస్తాది," అనేవాడు దేవదాసు. ఊరిని మాత్రం ప్రతి క్రిస్మసుకీ ఇంట్లోనే చూసుకునేవాడు.

ఆ ఏడు కూడా బాసింపట్టు వేసుక్కూర్చుని ఒక్కొక్కటే సర్దుతున్నాడు.

"కమాను అలా కాదు సుశీలా, ఇటు తిరగాల. దీని కిందనే మేం వేరుశనక్కాయలు కొనుక్కునీవోళ్లం. అక్కడి నుంచి నడిచి టౌన్ హాలు దాకా. ఆ కొండమీది చర్చిలోనే మా పెళ్లి."

చెబుతూ చెబుతూ నవ్వాడు. ఆ నవ్వు సుశీలకు తెలుసు. ఏడాదికోసారి ట్రంకుపెట్టెలోంచి వచ్చేది, తిరిగి అందులోకే పోయేది. తన వంక చూసి ఆయన అలా నవ్వలేదు ఎన్నడూ.

పక్క క్వార్టర్సు వరహాలమ్మ గుమ్మంలో నిలబడి బుగ్గన వేలేసుకుంది. "సవతి పటమైతే మేకు పీకేస్తే సరిపోద్ది. నీ సవతి ఏకంగా ఊరు కట్టుక్కూకుందేటే పిల్లా!"

సుశీల నవ్వేసింది. ఆ మాట మాత్రం ముల్లులా దిగింది.

మర్నాడు దేవదాసు డ్యూటీకి వెళ్లగానే ఆమె లైటుహౌసు తీసి వంటింటి బొగ్గుల కుంపటిలో, సిగిడీలో పెట్టింది. అట్ట చురచురా కాలింది. బల్బు టప్పున పేలింది. బొగ్గుల పొగలోంచి ఒక్క క్షణం వేరే వాసన వచ్చింది... ఉప్పుచేపల వాసన. పక్కింట్లో వేపుతున్నారేమో అనుకుంది.

సాయంత్రం దేవదాసు వచ్చాడు. ఏం అడుగుతాడో, ఏం చెప్పాలో అనుకుంటూ ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. ఆయన మూలకి వెళ్లి, లైటుహౌసు లేక ఖాళీగా ఉన్న చోటును చూసి తృప్తిగా తలూపాడు.

"లైటుహౌసు ఈ ఏడు ఎంత బాగా వెలుగుతోందో చూసినావా?"

సుశీల మళ్లీ మూలకేసి చూసింది. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి, కిటికీ పక్కనున్న కుట్టుమిషను చూసి ఆగిపోయాడు.

"ఇది ఎవరిది? ఎవరైనా వదిలెళ్లినారా?"

"అదేటండీ! పెళ్లయిన ఏడు మీరే కదా తెచ్చింది? రిక్షాలో పెట్టుకుని వాన్లో తడుస్తూ..."

"నేనా?" అని తల గోక్కున్నాడు. "ఏమో. గుర్తు లేదు."

అలసట అనుకుంది. ఆ రాత్రి మాత్రం ఆమెకు కునుకు పట్టలేదు. కాలిపోయిన లైటుహౌసు ఆయనకు కనబడుతోంది. కళ్లెదుట ఉన్న మిషను గుర్తు లేదు. మర్నాడు, ఎప్పుడో రాజిం జాతరలో ఆయన కొనిపెట్టిన గాజులు వేసుకుని ఎదురుగా చేతులు ఆడించింది. ఆయన ఆ గాజులకేసి చూడనైనా చూడలేదు. అన్నం తింటూ, ఆ లైటు తిరిగి తిరిగి వచ్చి ఎస్తేరు మొహం మీద పడితే ఎలా ఉండేదో చెప్పాడు. చెబుతూ నవ్వాడు.

ఆ నవ్వుకు ఆమె ఒళ్లు మండిపోయింది. బుద్ధి ఉన్నవాళ్లు అక్కడితో ఆగుతారు. అసూయకు బుద్ధెక్కడిది?

క్రిస్మసు ముందురోజు మధ్యాహ్నం. నడిజాము పూజకు వెళ్లేందుకు ఆయన చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. గులాబీపువ్వుల పిండివంట చేసింది. అవి వేపిన సిగిడీలోనే కొండమీది చర్చిని పడేసింది. వాళ్లిద్దరి పెళ్లి జరిగిన చర్చి. ఆగలేదు. కమాను, టౌన్ హాలు, క్రేన్లు, అన్నీ పట్టుకొచ్చి కుక్కింది. చివరికి వెండికాగితపు సముద్రం కూడా నలిపి వేసింది. అది కాల్తుంటే సన్నగా ఏదో హోరు వినిపించింది. మంట హోరే కావచ్చు.

మూల ఖాళీ అయింది. గడ్డి మధ్య పాక ఒక్కటే మిగిలింది. సుశీలకు ఎన్నో ఏళ్ల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడింది.

పొద్దు గుంకింది. కాలనీ అంతా కరెంటు పోయింది. ఎక్కడో కేరల్సు పాడేవాళ్ల డోలక్ కొంతసేపు మోగి ఆగింది. చీకట్లో ఆమె దీపం కోసం తడుముకుంటూ ఉంటే తలుపు తట్టిన చప్పుడు.

సొంత ఇంటి తలుపు ఆయన ఎప్పుడూ తట్టడు.

తీసింది. దేవదాసు. చేతిలో గార్డు లాంతరు ఆరిపోయి ఉంది. గుమ్మం అవతలే ఒదిగి నిలబడ్డాడు, పరాయి ఇంటికి వచ్చినవాడిలా.

"అమ్మా... ఎస్తేరు ఉందాండీ?"

"ఏటండీ, ఈ ఆటలు! లోపలికి రండి."

"చీకటి పడింది కదమ్మా. తీసుకెళ్దామని వచ్చినాను." గొంతు తగ్గించాడు. "మీరెవరు? కొత్తగా వచ్చినారా?"

ఆమెకు అప్పుడు తెలిసింది. కాల్చినవన్నీ ఆయన లోపల లేచి నిలబడ్డాయి. వాటికి చోటు కావాలి కదా. ఒక్కొక్కటిగా తనను తోసేశాయి.

"నేనండీ... సుశీలని. మీ సుశీలని."

ఆయన మర్యాదగా నవ్వాడు. లాంతరు గుమ్మం దగ్గర వదిలేసి, పక్కనుంచి తప్పుకుని లోపలికి నడిచాడు.

అప్పుడు గదిలో వెలుగు తిరిగింది.

గోడ మీదుగా... మెల్లగా... పటాల మీదుగా, కుట్టుమిషను మీదుగా, ఆమె మొహం మీదుగా. పోయింది. చీకటి. ఆయన లాంతరా? కాదు. అది గుమ్మం దగ్గర నేల మీద చల్లగా పడి ఉంది.

మళ్లీ తిరిగింది.

మూలలో ఊరు ఉంది.

టౌన్ హాలు. కమాను. చర్చి. అన్నీ. మసి లేదు, బూడిద లేదు. అట్టలన్నీ తడిసి నీళ్లు కారుతున్నాయి. గడ్డి మీదుగా సన్నటి నీటి పాయ పాకి వచ్చి ఆమె కాలిని తాకింది. అలలా వెనక్కి లాగింది. ఇసుక... కాలివేళ్ల సందున తడి ఇసుక.

దేవదాసు ఊరి ముందు మోకాళ్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా వేలితో చూపిస్తున్నాడు. ఎవరికి చూపిస్తున్నాడో.

"ఇదిగో చర్చి. ఇదిగో మన వీధి. ఇదిగో..." ఆగాడు. "ఇదేటి?"

పాక పక్కన కొత్తది ఒకటి ఉంది. ఎస్తేరు చేసింది కాదు. ఇటుకరంగు గోడలు, రేకుల వరండా, రెండు గదులు. రైల్వే క్వార్టర్సు. కిటికీకి చిన్న గుడ్డపేలిక, పచ్చది, తెల్లచుక్కలది.

సుశీల తల తిప్పింది. తన కిటికీ పరదా. పచ్చది, తెల్లచుక్కలది. కింది మూల కత్తెరతో కోసినట్టు, నీటుగా ఓ ముక్క లేదు.

"ఈ ఇల్లు మన ఊళ్లోది కాదే," అన్నాడు దేవదాసు. ఎవరో చెవిలో చెబుతున్నట్టు తల వంచాడు. విన్నాడు. "అవునవును. పెట్టకూడదు."

ఆ అట్ట ఇంటిని అరచేతిలోకి తీసుకున్నాడు. లేచి వంటింటి వైపు నడిచాడు.

"వద్దు... ఏవండీ, వద్దు! నేను... నేను మీ..."

పేరు రాలేదు. నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంతకు ముందే చెప్పింది కదా. ఏం చెప్పింది? అమ్మానాన్నలు పెట్టిన పేరు. రోజూ ఆయన పిలిచే పేరు. ఒక్క అక్షరమైనా...

వంటింట్లో సిగిడీ ఊదుతున్న చప్పుడు. ఉఫ్... ఉఫ్...

వెలుగు మరోసారి గది చుట్టూ తిరిగింది. ఈసారి కిటికీ దగ్గర ఆగింది. అక్కడ మంట లేదు, నిప్పు లేదు. అయినా పరదా కోసిన అంచున సన్నటి ఎర్రటి గీత ఒకటి పుట్టి, నెమ్మదిగా పైకి పాకసాగింది.