చెవిటి వ్యాపారి ముందే విన్న బంతి

"మూడు గంటలకల్లా ఆ ఫైలు చేతులు మారుతుంది," అన్నాడు చీఫ్. "రాకెట్ ఎగిరే తేదీ, రాడార్ల మ్యాపు అందులోనే ఉన్నాయి. ఆపాలి."

"మనిషెవరు?"

"యతిరాజులు. సూళ్లూరుపేట దగ్గర రాకెట్ కేంద్రంలో గుమాస్తా. తిరుపతిలో క్రికెట్ పందేలు కాసి మునిగిపోయినాడు. కాయించేది విక్టర్, విదేశీ గూఢచారి. ఒక్క పందెమూ ఓడడు."

"అంత అదృష్టం ఎవడికీ ఉండదు సార్," అన్నాడు ఏజెంట్ శాంతయ్య.

రెండున్నరకి శాంతయ్య తిరుపతిలో ఒక లాడ్జి మేడమెట్లు ఎక్కాడు. వేషం: చిత్తూరు బెల్లం వ్యాపారి, చెవిటివాడు. చెవిలో మిషను. దాని తీగ లోపలి జేబులోని బుల్లి రేడియోకి పోతుందని చూసేవాళ్లకి తెలియదు.

గడప దగ్గర కల్యాణవల్లి. నల్ల చీర, నల్ల కళ్లద్దాలు, విక్టర్‌కి కుడిభుజం.

"చెప్పులు, వాచీ, ట్రాన్సిస్టర్ ఈడే వదలండి."

అందరూ వదిలే ఉన్నారు. గుడికి పోయే ఊరు. గడప దగ్గర ఏది వదలమన్నా వదిలేస్తారు. ఎందుకని ఒక్కడూ అడగడు.

ఆమె మిషను దగ్గరికి వంగింది. "బెల్లం యాడిది?"

"చిత్తూరుది. తేమ లేదు."

కోడ్ కలిసింది. మూడు నెలలుగా ముఠాలో ఉంటూ ఆమె పనిచేస్తున్నది చీఫ్‌కి.

లోపల గోడమీది స్పీకర్లో మద్రాసు టెస్టు కామెంటరీ. శాంతయ్య చెవిలోనూ అదే గొంతు, కానీ నలభై సెకండ్లు ముందు. అర్థమైపోయింది. పక్కగదిలో టేపు మీద పట్టి ఆలస్యంగా వదులుతున్నారు. వికెట్ పడితే విక్టర్‌కి బల్ల కింద బల్బు వెలుగుతోంది.

బల్బు వెలిగింది.

"ఈ బంతికి వికెట్ పడితే ఫైలు నాది," అన్నాడు విక్టర్ వచ్చీరాని తెలుగులో. "పడకపోతే నీ బాకీ రద్దు."

యతిరాజులు ఫైలు బల్ల మీద పెట్టాడు.

శాంతయ్య లేచాడు. "పడిపాయ. మిడాన్‌లో క్యాచ్. ఇప్పుడు గ్రౌండులోకి కుక్కొచ్చినాది, ఆట ఆపినారు."

"కూకో అప్పా," నవ్వాడు వెనక ఒకాయన. "చెవిటోడు మనకి కామెంటరీ చెప్తాడంట."

స్పీకర్ గరగరలాడింది. క్యాచ్. మిడాన్‌లో. ఆ వెంటనే, మైదానంలో కుక్క.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అయిపోయిన ఆట మీద మీచేత పందెం కాయిస్తా ఉండారు," అన్నాడు శాంతయ్య.

యతిరాజులు ఫైలు లాక్కుని గుండెకి హత్తుకున్నాడు. "నీకు నేను బాకీ లేను. పైసా లేను. ఈ కాగితాలు దేశానివి. కావాలంటే నన్ను చంపి తీసుకో."

విక్టర్ పిస్టల్ తీసి నొక్కాడు. టక్. మళ్లీ టక్.

"గుండ్లు చెప్పుల పక్కన పెట్టినాను," అంది గుమ్మంలో కల్యాణవల్లి. "రూలు అందరికీ ఒకటే గదా."

పందెం కాసినవాళ్లే విక్టర్‌ని, పక్కగదిలోని వాడి మనుషుల్ని పడేసి, ఆ టేపుతోనే కట్టేశారు.

శాంతయ్య కింద నుంచి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"ఫైలు భద్రం సార్. ముఠా దొరికింది. నా చెప్పులే, ఎవడో ఎత్తుకుపోయినాడు."