బువాలై పొట్లం

తెల్లారింది. బువాలై వెదురు బుట్టలో జిగురన్నం ఆవిరికి పెట్టింది. ముందు వసారాయే ఆమె కొట్టు. సబ్బులు, ఊరేసిన చేపల సీసాలు, దారానికి గుచ్చి మేకుకు వేలాడదీసిన మందు పొట్లాలు. ఒక్కో పొట్లంలో నాలుగు రంగుల బిళ్లలు. నాట్లకు నడుం పట్టేసినా, గొంతు నొప్పయినా ఊళ్లో అందరూ "బువాలై పొట్లం" అనే అడుగుతారు.

భర్త ప్రసోంగ్ మెట్టు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. పొలంలో నత్తగుల్ల కాలికి కోసుకుని మూడు వారాలైంది. బువాలై రోజూ ఎరుపు నలుపు గొట్టం బిళ్ల విప్పి, ఆ పొడి పుండు మీద చల్లుతోంది. మానలేదు. నొప్పని ఆయన అనలేదు. ఆయన దేనికీ ఏమీ అనడు.

కూతురు చన్‌పెన్ పట్నంలో పరిశోధన చేస్తుంది. ఏ మందుకు ఏ క్రిమి చావడం మానేసిందో, జనం ఆ మందులు ఎలా వాడుతున్నారో చూడటం ఆమె పని. పది రోజులుగా గుడ్డసంచీ భుజాన వేసుకుని ఊళ్లో తిరుగుతోంది. సంచీలో అన్ని రకాల బిళ్లలూ ఉంటాయి. చాప మీద పోసి, ఏవి వాడారో చూపించమంటుంది. నలభై ఇళ్లు అయ్యాయి. ఇవాళ సొంతిల్లు.

"అమ్మా, కూర్చో. అందరినీ అడిగినట్టే నిన్నూ అడగాలి."

"కన్నతల్లికే పరీక్షటే! తప్పితే బెత్తం దెబ్బలా?" బువాలై నవ్వుతూ చాప మీంచి చకచకా తను వాడేవి పదకొండు బిళ్లలు ఏరి పక్కన పెట్టింది.

"ఈ గొట్టం బిళ్ల ఎన్నాళ్లకి ఇస్తావు?"

"రెండు పూటలకి. తగ్గితే ఆపేస్తారు. మిగిలింది ఇంకోసారికి దాచుకుంటారు. మందు పారేస్తామా ఏంటి?"

చన్‌పెన్ ఫోన్ మోగింది. విని, పెన్సిల్ కింద పెట్టింది. "పోయిన ఆదివారం నాన్న పుండు రసి పరీక్షకి పంపాను కదా. అక్కణ్ణుంచే ఈ ఫోను. అందులోని క్రిమి నీ గొట్టం బిళ్లకి చావదమ్మా. ఇంకో రెండు మందులకీ చావదు. ఇవాళే ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే కాలు దక్కదట."

అంతలో పక్కింటి సైఫిన్ వచ్చింది. "వదినా, రెండు పొట్లాలు. మోకాళ్లు చంపేస్తున్నాయి."

బువాలై చెయ్యి అలవాటుగా దారం మీదికి పోయింది.

"ఇవ్వకమ్మా!"

సైఫిన్ ఇద్దరినీ చూసి వెళ్లిపోయింది. బువాలైకి ఒళ్లు మండింది.

"పదిమందిలో నన్ను దొంగని చేస్తావా? నర్సు ఉండేది పదహారు కిలోమీటర్ల అవతల. వానలకి దారి మునిగితే వీళ్లనెవరు చూశారు? నువ్వా? నీకు జ్వరమొస్తే ఈ పొట్లమే వేశాను. బతికే ఉన్నావుగా!"

"నలభై ఇళ్లలో ముప్పై ఒక్క ఇంట్లో నీ పేరే చెప్పారు. నేనెక్కడా రాయలేదు."

బువాలై చెయ్యి దారాన్ని వదిలింది. లోపల అడుగు కుండలో నీళ్లు ఇగిరిపోయి మాడువాసన వస్తోంది. ఎవరూ లేవలేదు.

"కలుపు మందు," అన్నాడు ప్రసోంగ్.

ఇద్దరూ తిరిగి చూశారు.

"మొదటేడు ఒక్క మూత పోశాను. గడ్డి మాడింది. తర్వాతేడు రెండు. ఈ ఏడు నాలుగు. గడ్డి నన్ను చూసి నవ్వుతోంది. చావనిదే మిగిలింది. అదే విత్తనం రాల్చింది." ఆయన కాలి మీద గుడ్డ తొలగించాడు. "ఇక్కడా అదే మొలిచింది."

బువాలై వంగి ఆ పుండును చూసింది. "నేనే చల్లానా ఆ విత్తనం?"

"నువ్వొక్కదానివే కాదమ్మా," అంటూ చన్‌పెన్ తల్లి చెయ్యి పట్టుకుంది. "కానీ ఇప్పుడు బండెక్కుదాం."

ఆసుపత్రిలో పన్నెండు రోజులు. వేరే మందు సూదితో ఎక్కించారు. బువాలై మంచం పక్కనే ఉండి అన్నం ముద్దలు చేసి పెట్టింది. తొమ్మిదో రోజు పుండులో ఎర్రగా కొత్త కండ కనిపించింది. అప్పుడు ఏడ్చింది. అంతవరకు ఏడవలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు సైఫిన్ మళ్లీ వచ్చింది. మేకు ఖాళీగా ఉంది.

"పొట్లమేది వదినా?"

"ముందు మోకాలు చూపించు." బువాలై ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టింది. "ఇది పట్టుకెళ్లు. తగ్గకపోతే నేనే నర్సు దగ్గరికి తీసుకెళ్తా. నీ మొగుడి బండి మీద మాత్రం ఎక్కను, బాబోయ్."

చన్‌పెన్ పట్నం బయల్దేరుతూ సంచీ భుజానికి తగిలించుకుంది.

"అది ఇక్కడే వదిలిపో," అంది బువాలై.

"ఎందుకమ్మా?"

"చదువుకున్నదానివని నీ దగ్గర సగం దాస్తారు. సైఫిన్ ఒక్కసారే వాడానందా? ఈ వానాకాలంలోనే ఏడుసార్లు కొంది. నాకు దాచలేరు. నేనడుగుతా. నువ్వు రాసుకో." ఒక్క క్షణం ఆగింది. "నా పేరు రాయి. ముప్పై ఒక్క చోట్లా రాయి. ఆ తర్వాత ఈ సంచీ మోసింది కూడా నేనేనని రాయి."

చన్‌పెన్ నవ్వబోయింది. కళ్లు నిండాయి.

ప్రసోంగ్ లేచాడు. కుంటుకుంటూ వచ్చి కూతురి భుజం మీది సంచీ తీశాడు. పొట్లాలు వేలాడిన మేకుకే దాన్ని తగిలించాడు.