కాలవ పక్క చర్చిలో నాట్యం

దొరల దేశంలో, ములింగార్ అనే ఊరి బయట, కాలవ పక్కన, ఓ పాడుబడ్డ చర్చి ఉండేదట. గొడ్లపాకల్ని కూడా ఫ్లాట్లని చెప్పి అమ్మేసుకుంటున్న రోజులవి. అయినా దాన్ని కొన్న మొనగాడు లేడు. చీకటిపడితే లోపల చచ్చిపోయిన సన్యాసులు పాడతారని చెప్పుకునేవాళ్ళు...

చౌకగా అద్దెకొస్తుందని అందులో ఓ డాన్సు ట్రూపు దిగింది. ఏడెనిమిది వందల ఏళ్ళనాటి చర్చి పాటలు — నాలుగు గొంతులు, నాలుగు వరసలు, అన్నీ ఒకేసారి. ఒక్కొక్కరూ ఒక్కో వరస పట్టుకుని నేలమీద దొర్లడం! అదీ వాళ్ళ నాట్యం.

"దీనికంటే పూనకం నయం. దానికో తాళమన్నా ఏడుస్తుంది," అంది కూచిపూడి నేర్పే దమయంతి.

ఆవిడకి మిగిలింది ఒకే ఒక్క శిష్యురాలు — డాక్టరుగారమ్మాయి లోహిత. ఇప్పుడా పిల్ల కూడా ఆ దొర్లుడులోనే చేరింది. ఇదీ పోతే ఇక గజ్జెలు మూటకట్టాల్సిందే.

నవంబరు. నాలుగున్నరకే చీకటి. పిల్లని లాక్కొద్దామని దమయంతి బయల్దేరింది.

తలుపు తీసే ఉంది. లైటు లేదు. పాట మాత్రం వస్తోంది... నాలుగు వైపుల నుంచీ. మధ్యలో లీలగా ఓ పిల్ల అటు తిరిగి, చేతులు వేలాడేసి ఊగుతోంది.

"ఛీ! నాలుగేళ్ళు నేర్పింది ఇందుకటే?"

పిల్ల ఊగుతూనే ఉంది. అలిగితే లోహిత నోరు విప్పదు. దమయంతికి ఒళ్ళు మండింది. వెనకనుంచి మోచెయ్యి పట్టుకుని భుజం ఎత్తుకి లేపింది. పాఠంలో రోజూ చేసే పనే. చెయ్యి ఐసుముక్క.

"స్వెట్టరేదే? సరే, నా కాలు చూడు. తా-తై-తై-తా!"

పాట ఆగిపోయింది. చీకట్లో అడుగు పడింది... తా-తై-తై-తా. పొల్లుపోకుండా.

"ఆ... అలా ఏడు! ఉండు, కార్లో కోటుంది, తెస్తా," అని బయటికొచ్చింది.

గేటు దగ్గర, వాళ్ళ నాన్న కారు దిగుతూ — లోహిత!

"ఆంటీ? రిహార్సల్ క్యాన్సిల్డ్. నో పవర్ సిన్స్ మార్నింగ్. బ్యాగ్ కోసం వచ్చా."

"మరి... ఆ పాట?" గుసగుసగా అడిగింది దమయంతి.

"వాట్ సాంగ్, ఆంటీ?"

ఆవిడ మొహం చూసే పిల్ల జడుసుకుంది. ఆ చర్చి గడప మళ్ళీ తొక్కలేదు.

శనివారం బుద్ధిగా క్లాసుకొచ్చింది. హమ్మయ్య, దక్కింది అనుకుని దమయంతి కళ్ళు మూసుకుని కర్రతో తాళం వేసింది.

గదిలో రెండు జతల పాదాలు ఆడుతున్నాయి...

ఒక జత తాళం తప్పింది. అది లోహితది.